ఆల్బ్రెక్ట్ కోసెల్: పెద్దబాతు రక్తంలో దొరికిన ప్రోటీన్.. 122 ఏళ్లకు క్యాన్సర్ మందు!

మన శరీరంలో ఒక్కో కణంలో ఉండే డీఎన్ఏను సాగదీస్తే దాదాపు 2 మీటర్లు ఉంటుంది. మరి కంటికి కనిపించని కణ కేంద్రకంలో అంత పొడవు దారం ఎలా పట్టింది? హిస్టోన్లు అనే ప్రోటీన్లకు చుట్టుకుని ఉంటుంది కాబట్టే. ఆ హిస్టోన్‌ను కనిపెట్టింది జర్మన్ శాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ కోసెల్.

1853 సెప్టెంబర్ 16న రోస్టాక్ పట్టణంలో ఓ వ్యాపారి ఇంట కోసెల్ పుట్టారు. ఆయనకు మొక్కలంటే ప్రాణం. తండ్రి మాత్రం బతుకుతెరువు ముఖ్యమని వైద్యం చదివించారు. డాక్టరయినా కోసెల్ మనసు ల్యాబ్‌లోనే ఉండిపోయింది.

1884లో ఆయన పెద్దబాతు రక్తాన్ని ఎంచుకున్నారు. ఎందుకంటే మనుషుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, పక్షుల్లో ఉంటుంది. ఆ కేంద్రకాల నుంచి వేరు చేసిన ప్రోటీన్‌కే హిస్టోన్ అని పేరు పెట్టారు. కణ కేంద్రకంపై చేసిన పరిశోధనలకు 1910లో నోబెల్ బహుమతి వచ్చింది.

మూడేళ్లకే భార్య లూయిసా హఠాత్తుగా చనిపోయారు. ఆ వెంటనే మొదటి ప్రపంచ యుద్ధం. 1917లో జనం ఆకలితో అల్లాడుతుంటే, రేషన్ సరిపోతోందని చెప్పాలంటూ ప్రభుత్వం ఆయనపై ఒత్తిడి తెచ్చింది. కోసెల్ ఒప్పుకోలేదు. నిజం కాదని తెలిసిన మాటకు తన పేరు ఇవ్వలేదు.

1927 జులై 5న హైడెల్‌బర్గ్‌లో కన్నుమూశారు. హిస్టోన్ అసలు పనేంటో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ గుట్టు మెల్లగా వీడింది. హిస్టోన్‌కు ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్క తగిలితే డీఎన్ఏపై పట్టు సడలుతుంది, జీన్ పనిచేయడం మొదలుపెడుతుంది. ఆ ముక్క ఊడితే పట్టు బిగుస్తుంది, జీన్ ఆగిపోతుంది. ఈ సంబంధాన్ని 1964లో అమెరికాలో విన్సెంట్ ఆల్‌ఫ్రే బృందం బయటపెట్టింది. ముక్కను అతికించే ఎంజైమ్‌ను డేవిడ్ ఆలిస్ బృందం, ఊడదీసే ఎంజైమ్‌ను స్టువర్ట్ ష్రైబర్ బృందం 1996లో పట్టుకున్నాయి.

కొన్ని క్యాన్సర్లలో ఊడదీసే ఎంజైమ్‌లు శ్రుతి మించి, కణాన్ని అదుపులో ఉంచే జీన్లను మూసేస్తాయి. వాటిని అడ్డుకునే వోరినోస్టాట్ మందుకు 2006లో అమెరికా అనుమతిచ్చింది. చర్మానికి వచ్చే ఒక రకం లింఫోమాకు దీన్ని వాడుతున్నారు.

ఈ మందును చూడటానికి కోసెల్ లేరు. కానీ అది పనిచేసేది ఆయన పేరు పెట్టిన హిస్టోన్ దగ్గరే.