సత్యమునకు నిలిచిన గురువు

ధ్యాన భాగము: 1 తిమోతి 3:15

రష్యా దేశపు ఉత్తరమున తెల్ల సముద్రములో సొలొవ్కి దీవులు గలవు. 15వ శతాబ్దమునుండి ప్రార్థనలు జరిగిన అచ్చటి మఠమును సోవియట్ ప్రభుత్వము 1923లో ఖైదీల శిబిరముగా మార్చెను. ఖైదీలు దీవులలోను, ఎదుటి కరేలియా అడవులలోను మంచులో నిలిచి చెట్లు కూల్చిరి. ఆ కలప విదేశములకు అమ్ముడుపోయెను. నియమించిన కొలత నరకలేనివానికి రొట్టె తగ్గించిరి; రొట్టె తగ్గినవాడు మరునాడు మరింత తక్కువ నరికెను. ఈలాగున అనేకులు నశించిరి.

1934 అక్టోబరులో పావెల్ ఫ్లోరెన్‌స్కీ అను ఖైదీ ఆ దీవికి తేబడెను. 1882లో జన్మించిన ఈయన మాస్కోలో గణితశాస్త్రమును, పిమ్మట వేదశాస్త్రమును అభ్యసించి, 1911లో ఆర్థొడాక్సు సంఘ గురువుగా అభిషేకము పొందెను. 1914లో ప్రకటించిన తన గొప్ప గ్రంథమునకు, సత్యమునకు స్తంభమును ఆధారమును అని పైవచనమునుండియే పేరు పెట్టెను. విప్లవానంతరము విద్యుచ్ఛక్తి శాఖలో శాస్త్రజ్ఞుడైయుండియు గురువు అంగీతోనే పనికి పోవుచుండెను. 1933లో లేని నేరము మోపి 10 సంవత్సరముల శిక్ష విధించిరి.

మొదట దూర ప్రాచ్యపు శిబిరములో నున్నప్పుడు భార్య అన్నా ఆయనను చూడవచ్చెను. ఆయనను విడిపించి చెకొస్లొవేకియాకు పంపు ప్రయత్నము జరుగుచుండెను. ఆయన ఒప్పుకొనక దానిని ఆపుమనెను. ఫిలిప్పీ 4:11లోని పౌలు మనకు జ్ఞాపకము వచ్చును గదా!

సొలొవ్కిలో సముద్రపు నాచునుండి అయొడిన్ తీయు పని చేయుచు, తన అయిదుగురు బిడ్డలకు ప్రేమతో ఉత్తరములు వ్రాయుచుండెను. 1937లో ఉత్తరములు ఆగిపోయెను. ఆ డిసెంబరు 8న లెనిన్‌గ్రాడు ప్రాంతమున ఆయనను కాల్చి చంపిరి. కుటుంబమునకైతే 1943లో మరణించెనని పత్రమిచ్చిరి. 1958లో నిర్దోషియని ఒప్పుకొనిరి గాని, నిజమైన మరణదినము 1989లోనే బయటపడెను. అన్నా అది తెలియకయే 1973లో కన్నుమూసెను.

ప్రియులారా, ఈయన మన శాఖవాడు కాడు. అయినను మన ప్రభువునే సేవించెను. ముద్రవేసిన కాగితము అబద్ధమాడవచ్చును. హేబెలు రక్తపు మొర వినిన దేవుని యెదుట ఏ లెక్కయు తప్పదు (ఆది 4:10). అపొస్తలుడు సంఘమును స్తంభమని పిలిచెను. స్తంభమునకు పని యొక్కటే: బరువు మోయుచు నిలుచుట. బలవంతుడు మన గడపకు వచ్చి, ఒక పేదవానిపై అబద్ధసాక్ష్యము పలుకుమని అడుగు దినమున ఆ బరువు మన భుజములమీదికి వచ్చును. ఆ దినమున నిలుచు కృపను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.