యల్లాప్రగడ సుబ్బారావుగారు

కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నంతనే మనము కాలు వెనుకకు తీయుదుము. నాడులు ఆ వార్తను వెన్నుపామునకు చేర్చగా, అచ్చటినుండి ఆజ్ఞ కండరమునకు వచ్చును. ఇదంతయు రెప్పపాటులో జరుగును. ఇట్లు పనిచేయుటకు నాడులకును కండరములకును శక్తి ఎచ్చటినుండి వచ్చును? ఆ రహస్యమును వెలికితీసినవారిలో మన తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు ఉత్తీర్ణులైరి. మదరాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీజీ బోధనలచే ప్రభావితులై, శస్త్రచికిత్స వేళ ఖద్దరు ధరించిరి. అధ్యాపకుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసివచ్చెను. ఇంతలో సంగ్రహణి వ్యాధి ఆయన సోదరుని బలిగొనెను. ఆయనకును ఆ రోగము సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన కోలుకొనిరి. ఆ రోగములకు మందు కనుగొనవలెనను పట్టుదల నాటినుండి ఆయనను విడువలేదు.

1922లో అమెరికాలోని బోస్టన్ నగరము చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయమున చదివిరి. పొట్టపోసికొనుటకు ఆసుపత్రిలో రాత్రివేళ చిన్నపనులు చేసిరి. సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి. అను పదార్థమును వెల్లడించిరి. కండరము పనిచేయునపుడు ఫాస్ఫోక్రియాటిన్ తరిగి, విశ్రాంతిలో మరల పెరుగుటను వారు గమనించిరి. కండరములకును నాడులకును నిత్యవ్యయమునకు పనికివచ్చు ధనము ఎ.టి.పి.యే యని పిమ్మట తేలెను. అది తరిగినపుడు వెంటనే పూరించు నిలువసొమ్మే ఫాస్ఫోక్రియాటిన్.

1940లో సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనశాలకు వెళ్ళిరి. ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. ఆకుకూరలలో నుండు ఈ విటమిను, సోదరుని బలిగొన్న సంగ్రహణిలో కలుగు రక్తహీనతకు మందయ్యెను. అయితే పెర్నీషియస్ అను మరియొక రక్తహీనతలో దానివలన రక్తము బాగుపడినను, నాడుల క్షయము ఆగలేదు. ఆ కొరత తీర్చు బి12 విటమిను 1948లో లభించెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు న్యూయార్కున నిద్రలో కన్నుమూసిరి. అప్పటికి ఆయన వయస్సు 53 ఏండ్లు.

ఆయన శ్రమఫలము అంతటితో ఆగలేదు. గర్భస్థ శిశువునకు మెదడు, వెన్నుపాము మొదటి నెలలోనే రూపుగట్టును. గర్భధారణకు ముందునుండియే తల్లికి ఫోలిక్ ఆమ్లము చాలినంత అందినచో, వెన్నెముక చీలికవంటి లోపములు చాలవరకు నివారింపబడునని 1991లో రుజువయ్యెను. తన సోదరుని రక్షించుకొనలేకపోయిన సుబ్బారావుగారి కృషి, ఆయన కన్నెరుగని పసికందులను నేటికిని రక్షించుచున్నది. పరీక్షలో తప్పిననాడు ఆయన చదువు మానియుండినచో ఈ మేలు మనకు ఆయనవలన కలిగెడిది కాదు.