మైకుసెట్టు లియో ఫెండర్

ఈ ఏడు సావనీరుకి ఏదైనా వ్రాసి ఇమ్మని యూనియన్ సెక్రటరీ అడిగి నెల దాటింది. క్రమశిక్షణ గురించో, జాతి నిర్మాణంలో యువత పాత్ర గురించో వ్రాస్తే ఎవరూ చదవరని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. ఏం వ్రాద్దామా అని తటపటాయిస్తుండగా మన ఆర్కెస్ట్రా కుర్రాళ్ళిద్దరు ఓ కాగితం పట్టుకుని నా గదికి వచ్చారు. ఆర్కెస్ట్రాకి యూనియన్ కొంత డబ్బు మంజూరు చేసిందట. దాంతో బేస్ గిటారు కొనాలని వాళ్ళ ముచ్చట. కాగితం మీద లెక్క ఎలా ఉందంటే, వచ్చిన డబ్బులో తొమ్మిదివంతులు గిటారుకి, మిగిలిన పదోవంతుతో ఏదో ఒక యాంప్లిఫయరు.

ఆ కాగితం చూడగానే నాకు 1984 నాటి కాలేజి డే గుర్తుకొచ్చింది. అప్పుడు నేను ఫైనలియర్. సీనియరొకాయన మద్రాసు నుంచి తెచ్చుకున్న బేస్ గిటారు మాకు ఒక్క రాత్రికి అరువిచ్చాడు. యాంప్లిఫయరు సంగతి ఎవరికీ తట్టలేదు. మైకుసెట్టు వచ్చిందిగా, దాంట్లోనే గుచ్చేద్దాం అనుకున్నాం. రెండో పాట పల్లవి దాటకముందే స్పీకరు బర్రుమనడం మొదలెట్టింది. చరణంలో టప్పుమని ఓ చప్పుడు. అంతే, ఆ తరువాత అధ్యక్షోపన్యాసానికీ, బహుమతి ప్రదానానికీ కూడా ఆ వైపు పెట్టె నోరు విప్పలేదు. కోను అడ్డంగా చిరిగిపోయింది. మైకుసెట్టు ఆయన కేకలెయ్యలేదు. మర్నాడు కొట్టుకి రమ్మన్నాడు. మెస్సు బిల్లుకని నాన్నగారు పంపిన డబ్బు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. కాగితపు కోనుకీ, రాగితీగ చుట్టకీ అయ్యే ఖర్చు మాత్రం ఉంచుకుని మిగతాది తిరిగి ఇచ్చాడు. పైగా నన్ను పక్కన కూచోబెట్టుకుని ఆ స్పీకరు బాగుచేసి చూపించాడు. ఎలక్ట్రానిక్స్ బ్రాంచిలో నాలుగేళ్ళు చదివినా బుర్రకెక్కని ముక్క ఆ ఒక్క పూటలో ఎక్కింది.

చాలా ఏళ్ళ తరువాత లియో ఫెండర్ జీవితం చదువుతుంటే ఆ కొట్టే కళ్ళముందు కదిలింది. ఫెండర్ అనగానే మన కుర్రాళ్ళకి గిటారు కొసన వ్రాసి ఉండే ఆ పేరే తెలుసు. ఆ పేరుగల మనిషి ఒకప్పుడు రేడియోలు రిపేరు చేస్తూ, మైకుసెట్లు అద్దెకిచ్చుకుంటూ బ్రతికాడని చాలామందికి తెలియదు. అందుకే వాళ్ళ కాగితానికి జవాబుగా ఆయన కథే ఇక్కడ చెబుతున్నాను.

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ 1909 ఆగస్టు 10న కాలిఫోర్నియాలో, ఆనహైమ్, ఫుల్లర్టన్ అనే ఊళ్ళ మధ్య ఉన్న ఒక నారింజతోటలో పుట్టాడు. తల్లిదండ్రులు వ్యవసాయదారులు. ఎనిమిదో ఏట జబ్బుచేసి ఎడమకన్ను తీసెయ్యవలసి వచ్చింది, గాజుకన్ను పెట్టారు. చిన్నప్పుడు కొన్నాళ్ళు పియానో, కొన్నాళ్ళు సాక్సఫోన్ నేర్చుకున్నాడు. గిటారు మాత్రం జీవితంలో ఎన్నడూ నేర్చుకోలేదు. లక్షలాది గిటార్లకి తన పేరు పెట్టిన మనిషికి గిటారు వాయించడం రాదు!

కార్ల ఎలక్ట్రికల్ పనులు చేసే దగ్గర బంధువు ఒకాయన ఉండేవాడు. పదమూడో ఏట ఆయన పంపిన పాత సామాన్లతో రేడియోల పిచ్చి పట్టుకుంది. కానీ కాలేజిలో చదివింది అకౌంట్సు. ఎలక్ట్రానిక్స్‌లో ఒక్క క్లాసుకి కూడా వెళ్ళిన పాపాన పోలేదు. మన కామర్సు విద్యార్థులు ఈ ముక్క గమనించాలి. చదువయ్యాక ఐసు కంపెనీలో పద్దులు వ్రాశాడు, తరువాత రోడ్ల శాఖలో వ్రాశాడు. ఆర్థికమాంద్యం రోజుల్లో ఉద్యోగం పోయింది. 1938లో 600 డాలర్లు అప్పుచేసి, ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు కొట్టు పెట్టాడు. భార్య ఎస్తర్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేది. కొట్టు తడబడిన రోజుల్లో ఆవిడ జీతమే ఇంటికి ఆధారం.

ఆ కొట్టులో రేడియోలు బాగుచేసేవాడు, గ్రామఫోను రికార్డులు అమ్మేవాడు, తాను స్వయంగా కట్టిన మైకుసెట్లు డాన్సులకీ, ఆటపోటీలకీ అద్దెకిచ్చేవాడు. చుట్టుపక్కల వాద్యగాళ్ళు తమ కాలిపోయిన యాంప్లిఫయర్లు పట్టుకొచ్చేవారు. నా మటుకు నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఇదే అనిపిస్తుంది. వాయించేవాడికి తన వాద్యం పలికినప్పుడు అందం తెలుస్తుంది. రిపేరు చేసేవాడికి అది ఎక్కడ విరుగుతుందో, ఏ అతుకు ఊడుతుందో, ఏది కాలిపోతుందో తెలుస్తుంది. ఫెండర్ పదేళ్ళపాటు ఇతరుల వస్తువులు విప్పి చూసి, వాద్యగాళ్ళ ఫిర్యాదులు విని నేర్చుకున్నాడు. ఆయన గిటార్లలో మెడ నాలుగు మరలతో ఊడివచ్చేలా ఉంటుంది. పాడైతే అర్ధగంటలో ఇంకోటి బిగించుకోవచ్చు. వయొలిన్లు చేసే పెద్దలు దాన్ని చూసి ముక్కు విరిచారంటే ఆశ్చర్యమేముంది?

రెండవ ప్రపంచయుద్ధం రోజుల్లో డాక్ కాఫ్‌మన్ అనే మిత్రుడితో కలిసి కొత్తరకం పికప్ ఒకటి చేశాడు. దాన్ని పరీక్షించడానికి ఓ మొరటు గిటారు చెక్కితే, ఊళ్ళో వాద్యగాళ్ళు దాన్ని అద్దెకి పట్టుకుపోవడానికి వంతులు వేసుకున్నారు. వ్యాపారం పెరిగితే అప్పులపాలవుతామని కాఫ్‌మన్ భయపడి 1946లో తప్పుకున్నాడు. ఆ సంవత్సరమే ఫెండర్ తన పేరుతో కంపెనీ పెట్టాడు. 1950లో బోలుపెట్టె లేకుండా గట్టి చెక్కతో చేసిన గిటారు అమ్మకానికి వచ్చింది. అదే తరువాత టెలికాస్టర్ అయింది. బోలుగిటారు యాంప్లిఫయరు దగ్గర పెడితే, స్పీకరు ముందు మైకు పెట్టినట్టే కుయ్యోమంటుంది. గట్టి చెక్క ఆ గొడవ చాలావరకు తగ్గించింది.

ఇక బేస్ సంగతి. అప్పట్లో అమెరికా బ్యాండ్లలో బేస్ అంటే డబుల్ బేస్. నిలబడిన మనిషికన్నా ఎత్తు, కారులో పట్టదు, డోలువాడూ బాకావాడూ విజృంభిస్తే వినపడదు. పైగా దానికి మెట్లుండవు. వేలు వెంట్రుకవాసి తప్పితే శ్రుతి తప్పినట్టే. 1951 చివర ఫెండర్ దీనికి జవాబు తీసుకొచ్చాడు. భుజాన వేలాడేసుకునే వాద్యం, నాలుగు తీగెలు, 20 మెట్లు, 34 అంగుళాల తీగె పొడవు. డబుల్ బేస్ తీగె సుమారు 42 అంగుళాలుంటుంది. పొట్టివీ పొడుగువీ కట్టి చూసి 34 దగ్గర ఆగాడు. మెట్లున్నాయి గనుక స్వరం కచ్చితంగా పలుకుతుంది. అందుకే దానికి ప్రెసిషన్ అని పేరు. ధర ఇంచుమించు 200 డాలర్లు. న్యాయంగా చెప్పాలంటే, మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ చేసిన మొదటివాడు ఫెండర్ కాడు. 1930లలోనే సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ అనే ఆయన చేశాడు. కానీ అది ఎక్కువమంది చేతుల్లోకి వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో ఎవరైనా చెప్పగలరేమో గానీ, ఫెండర్‌ది ఎందుకు వెళ్ళిందో నేను కొంత ఊహించగలను. గిటారు తయారుచేసి ఊరుకోలేదు ఆయన. మరుసటి సంవత్సరం, 1952లో, ఆ గిటారు కోసమే బాస్‌మన్ అనే యాంప్లిఫయరు తయారుచేశాడు. 15 అంగుళాల స్పీకరు ఒకటి, శక్తి 26 వాట్ల ప్రాంతం. ఈనాటి లెక్కల్లో అది బొమ్మ. కానీ ఆలోచన చూడండి. మామూలు గిటారు అట్టడుగు తీగె సెకనుకి 82 కంపనాలు చేస్తుంది. బేస్ అట్టడుగు తీగె 41. కంపనాలు సగమైతే, అంతే ధ్వని రావడానికి కోను నాలుగురెట్లు ఎక్కువ ముందుకీ వెనక్కీ కదలాలి. దానికితోడు మన చెవి అడుగు స్వరాల్ని సరిగా పట్టించుకోదు. ఉపన్యాసాల కోసం చేసిన స్పీకరు అంత కదలలేదు, కదిలించబోతే చిరుగుతుంది. నా మెస్సు డబ్బులు ఎటు పోయాయో ఇప్పుడర్థమైందనుకుంటాను. మైకుసెట్లు కట్టిన ఫెండర్‌కి ఆ సంగతి ముందే తెలుసు. గిటారు సగం వాద్యం, యాంప్లిఫయరు మిగతా సగం.

మొదట్లో జాజ్ వాళ్ళు ప్రెసిషన్‌ని చిన్నచూపు చూశారు. లయొనెల్ హాంప్టన్ బ్యాండులో మాంక్ మాంట్‌గోమరీ చేతికి దాన్నిస్తే, డబుల్ బేస్ వాయించే తనకిదేమిటని ఆయనా మొదట చిరాకుపడ్డాడు. తరువాత దాంతోనే ఊరూరా తిరిగాడు. ఇంకో పక్క ఫెండర్ డాన్సుహాళ్ళకి వెళ్ళి, నమూనాలు వాద్యగాళ్ళకిచ్చి, ఎలా ఉందో కనుక్కుని, కొట్టుకి తిరిగొచ్చి మార్చేవాడు. ఒక్కోసారి కచేరీ నడుస్తుండగానే వేదికెక్కి యాంప్లిఫయరు విప్పబోయేవాడట. ఆ పెట్టెని 10 అంగుళాల స్పీకర్లు నాలుగు ఉండేలా మార్చాడు. లెక్క వేసి చూడండి: 15 అంగుళాల వృత్తం వైశాల్యం 177 చదరపు అంగుళాలు, పది అంగుళాలవి నాలుగు కలిస్తే 314. తమాషా ఏమిటంటే ఆ పెట్టె బేస్ వాళ్ళకన్నా మామూలు గిటారు వాళ్ళకే ఎక్కువ నచ్చింది. 1960ల మొదట్లో లండన్‌లో జిమ్ మార్షల్ కొట్టువాళ్ళు దాని సర్క్యూటు చూసే తమ మొదటి యాంప్లిఫయరు కట్టారు.

1957లో ప్రెసిషన్ పికప్‌ని రెండు ముక్కలు చేశాడు. రెండు చుట్టలూ ఎదురెదురు దిశల్లో ఉండేసరికి కరెంటు గుర్రు వాటిలో వాటికే కొట్టుకుపోతుంది. మన ఆడిటోరియంలో ట్యూబులైట్లూ, సీరియల్ బల్బులూ మధ్య వాయించినవాడికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. 1960లో జాజ్ బేస్ వచ్చింది. మెడ సన్నం, పికప్‌లు రెండు. డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ అనే మహానుభావుడు మాత్రం 1962 నాటి ప్రెసిషన్ ఒక్కటే పట్టుకుని, తీగెలు కూడా మార్చకుండా, మోటౌన్ కంపెనీ పాటల్లో ఎన్నిటికో ప్రాణం పోశాడు. ఆయన 1983లో పోయాడు. ఇవన్నీ ఫెండర్ ఒక్కడి ఘనతే అనడం అన్యాయం. జార్జి ఫుల్లర్టన్, ఫ్రెడీ టవారెస్ చేతిపనీ, డాన్ ర్యాండల్ అమ్మకపు నేర్పూ లేకపోతే ఆ కొట్టు కొట్టుగానే ఉండిపోయేదేమో.

1960లలో ఆయన్ని ఏదో ఇన్ఫెక్షన్ వదలకుండా పట్టి పీడించింది. ఇంక ఎక్కువకాలం బ్రతకననుకున్నాడు. 1965 జనవరిలో కంపెనీని 13 మిలియన్ డాలర్లకి సి.బి.ఎస్. సంస్థకి అమ్మేశాడు. ఆ తరువాత డాక్టర్ని మారిస్తే జబ్బు నయమైపోయింది! మనిషి బాగున్నాడు, కంపెనీ చేతిలో లేదు. ఇంకొకరైతే హాయిగా పడవ కొనుక్కుని తిరిగేవారు. ఈయన మళ్ళీ మొదలుపెట్టాడు. మ్యూజిక్ మాన్ అనే కంపెనీకి 1976లో స్టింగ్‌రే బేస్ చేశాడు. గిటారులోనే బ్యాటరీతో నడిచే చిన్న ప్రీయాంప్లిఫయరు పెట్టాడు. అంటే యాంప్లిఫయరులో మొదటి మెట్టుని గిటారులోకే తెచ్చేశాడన్నమాట. 1980 నాటికి జార్జి ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ అని మరో కంపెనీ. చివరి ఏళ్ళలో పార్కిన్సన్ వ్యాధితో చేతులు వణికేవి. అయినా బల్ల దగ్గరికి రావడం మానలేదు. 1991 మార్చి 21న, 81వ ఏట చనిపోయాడు. అంతకు ముందురోజు కూడా పనికి వెళ్ళాడు. మరుసటి సంవత్సరం రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో గిటారు రాని ఈ మనిషి పేరు చేర్చారు.

ఇంతకీ మన కుర్రాళ్ళ కాగితం. డబ్బు సగం సగం చెయ్యమన్నాను. గిటారు ఏదైనా పరవాలేదు. మెడ నిటారుగా ఉండి, భుజాన రెండు గంటలు మొయ్యగలిగితే చాలు. చిన్నచేతుల అమ్మాయి వాయిస్తానంటోంది గనుక సన్నమెడది గానీ, 30 అంగుళాలది గానీ ఆమె చేత పట్టించి చూడమన్నాను. యాంప్లిఫయరు బేస్ కోసం చేసిందే కావాలి. వాట్ల దగ్గర మోసపోవద్దు: వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్సే, చెవికి రెట్టింపుగా వినపడాలంటే సుమారు పదిరెట్లు కావాలి. లీడ్ గిటారు వాడికి 30 వాట్లు సరిపోయిన చోట బేస్ వాడు 150 కన్నా తక్కువతో పోటీ పడలేడు. ఇప్పుడు రెండుమూడు కిలోల బరువులో 300 వాట్లిచ్చేవి వస్తున్నాయి, రిక్షా కూలీ మిగులు. విదేశం నుంచి ఎవరో తెస్తామన్నారంటే 110 వోల్టులదా, 230దా అని ముందే అడగాలి. ఆడిటోరియంలో అయితే డి.ఐ. పెట్టె ఒకటి మధ్యన పెట్టి, మైకుసెట్టు ఆయన మిక్సరుకి తీగె ఇవ్వాలి. ఆయన్ని అడిగి ఇవ్వాలి. అడక్కుండా గుచ్చితే ఏమవుతుందో పైన వ్రాశాను.

కాగితం మళ్ళీ వ్రాసుకొచ్చారు. ఈసారి అడుగున పెన్సిలుతో మూడుపిన్నుల ప్లగ్గు అని కూడా చేర్చారు. వేదిక మీద ఎర్తు లేకపోతే గిటారు తీగె మీద చెయ్యి, మైకు మీద మూతి పెట్టినవాడికి షాక్ కొడుతుందని చెప్పాను మరి. మన ఆడిటోరియం వేదిక మీద ఆ మూడో కన్నంలో తీగె ఉందో లేదో మాత్రం ఎవరికీ తెలియదు. దానికి ప్రిన్సిపాల్ గారికి వేరే అర్జీ పెట్టుకోవాలి. సంతకం నేనూ పెడతానన్నాను.