ధమనుల నుంచి ఎముకల దాకా: అడాల్ఫ్ విండౌస్ పరిశోధన

1876లో బెర్లిన్‌లో జన్మించిన అడాల్ఫ్ విండౌస్ వైద్యవిద్య అభ్యసిస్తూ రసాయనశాస్త్రం వైపు మళ్లారు. గుండెజబ్బులకు వాడే డిజిటాలిస్ మొక్కలోని పదార్థాలపై పరిశోధించి 1899లో డాక్టరేట్ పొందారు. వ్యాధిగ్రస్తమైన బృహద్ధమనుల్లో కొలెస్టరాల్ మామూలుకన్నా ఎన్నో రెట్లు అధికంగా ఉంటుందని 1910లో గుర్తించారు.

ఆ కొలెస్టరాల్ వెంటే సాగిన అన్వేషణ ఆయనను అనుకోని చోటికి చేర్చింది. పసిపిల్లల ఎముకలను వంచివేసే రికెట్స్ వ్యాధికి విరుగుడైన విటమిన్ డి కూడా అదే స్టెరాల్ వంశానికి చెందినదే. ఎర్గోస్టెరాల్‌పై అతినీలలోహిత కిరణాలు పడితే ఆ విటమిన్ తయారవుతుందని 1927 నాటికి ఆయన, న్యూయార్క్, లండన్ సహపరిశోధకులు నిర్ధారించారు. మరుసటి ఏడాదే నోబెల్ బహుమతి లభించింది. ఎండ తగిలిన చర్మంలో విటమిన్ డి3గా మారే 7-డీహైడ్రోకొలెస్టరాల్‌ను సైతం ఆయన ప్రయోగశాలే తయారుచేసింది. రక్తనాళాన్ని పూడ్చే పదార్థానికి అది అతి సమీప బంధువు. విండౌస్ 1959లో గొట్టింగెన్‌లో కన్నుమూశారు.