దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (జూలై 15, 1909 - మే 9, 1981) స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, సంఘసేవకురాలు. ఈమె రాజమండ్రిలో జన్మించింది. ఎనిమిదవ ఏటనే బాల్యవివాహం జరిగింది. తరువాత ఆ బంధాన్ని వదులుకొని, స్వయంకృషితో బెనారస్ మెట్రిక్ పరీక్షలో ఉత్తీర్ణురాలైంది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, చదువు ఆగిపోయిన స్త్రీలను అదే పరీక్షకు సిద్ధం చేసింది.

1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఈమె తొలి అధ్యక్షురాలు. మరుసటి సంవత్సరం నుండి బోర్డు గ్రామాలలో బాలవాడీలను, ప్రసూతి సేవలను విస్తరింపజేసింది. వీటిని నడుపుటకు శిక్షణ పొందిన సేవికలు అవసరమయ్యారు. కానీ శిక్షణకు అర్హమైన చదువు గల స్త్రీలు పల్లెలలో అరుదు. అందువలన 1958లో బోర్డు, మద్రాసు అనుభవం ఆధారంగా, వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులను ప్రవేశపెట్టింది. పల్లె స్త్రీలే చదువుకొని, శిక్షణ పొంది, తమ ప్రాంతపు పిల్లలను సాకే అవకాశం దీనివలన కలిగింది. 1975లో భారత ప్రభుత్వం ఈమెను పద్మవిభూషణ్ పురస్కారంతో గౌరవించింది.