సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన ప్రముఖ ఫుట్‌బాల్ శిక్షకుడు. రహీం సాబ్‌గా పేరొందిన ఈయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు.

ఈయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొని, కలకత్తా జట్లకు దీటుగా నిలిచింది. డ్యూరాండ్ కప్పును కూడా పలుమార్లు సాధించింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప రాష్ట్ర పోలీసు జట్టుగా మారిన ఈ జట్టు ప్రాభవం, రహీం మరణానంతరం క్రమంగా తగ్గిపోయింది.

రహీం శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకాన్ని, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో 4వ స్థానాన్ని పొందింది. క్యాన్సరుతో బాధపడుతూనే ఈయన 1962 జకార్తా ఆసియా క్రీడలకు జట్టును నడిపించాడు. అంతిమ పోటీలో భారత్ 2-1 తేడాతో దక్షిణ కొరియాను ఓడించింది. తొమ్మిది నెలలకే రహీం మరణించాడు. ఆ తరువాత 2023 వరకు జరిగిన ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణం భారత్‌కు మళ్ళీ దక్కలేదు.