గజసాహిణి జాయప

పరకాల నుండి భూపాలపల్లికి పోవు బాటలో రేగొండ తగులును. ఆ మండలముననే పాండవుల గుట్టలో చరిత్రకు పూర్వపు మానవుడు వ్రాసిన రంగుబొమ్మలు కలవు. ఇంకను ముందునకు సాగినచో గణపురపు కోటగుళ్లు, అవి దాటి పాలంపేటలో రామప్ప గుడి. బడిపిల్లలను రామప్పకు తీసికొనిపోయిన ఉపాధ్యాయులకు ఒక ప్రశ్న తప్పక ఎదురగును: రాతిలో నిలిచిన ఈ నర్తకీమణులు ఏ ఆట ఆడుచున్నారు? ఆ ప్రశ్నకు బదులు చెప్పగల గ్రంథమొకటి కలదు. దానిని వ్రాసినవాడు ఏనుగుల దండునకు అధిపతి.

జాయప పుట్టినది కృష్ణ సముద్రమున కలియు దివిసీమకు ప్రభువులైన అయ్య వంశమున. తండ్రి పిన్నచోడి. 1199లో సింహాసనమెక్కిన కాకతి గణపతిదేవుడు తీరాంధ్రముపై దండెత్తి దివిని లోబరచుకొనెను. గెలిచిన రాజు ఓడిన వంశమును తుడిచివేయలేదు. జాయప తోబుట్టువులైన నారమ, పేరమలను వివాహమాడి, ఆ పిన్నవానిని తన కొలువునకు తీసికొనెను. దీనిని ఔదార్యమనవచ్చును, రాజనీతి యనవచ్చును. బహుశః రెండును కలిసియే యుండును. ఏమైననేమి, శత్రువు ఇంటి బిడ్డ రాజునకు బావమరది యయ్యెను. గుండామాత్యుని యొద్ద నాట్యవిద్య నేర్చెను. గజసాహిణి పదవి నందెను.

1213 నాటి చేబ్రోలు శాసనము ఆయన ఉన్నతిని చెప్పుచున్నది. తండ్రి పేర అచ్చట చోడేశ్వరాలయమును కట్టించెను. రామప్ప గుడిని నిలిపిన రేచర్ల రుద్రుని శాసనమును ఆ సంవత్సరముదే. పిమ్మట 1231లో తన దివిసీమలో ఏలిక పేర గణపేశ్వరాలయమును ప్రతిష్ఠించెను. మన గణపురపు కోటగుళ్ల దేవుని పేరును గణపేశ్వరుడే గదా!

ఇంతవరకు ఇది ఒక సామంతుని కథ. అట్టివారు కాకతీయుల కొలువున పలువురు కలరు. జాయపను వారినుండి వేరుచేసినది 1253-54లో ముగించిన నృత్తరత్నావళి. చేబ్రోలు శాసనమునాటికే పదవియందున్నవాడు గనుక ఈ గ్రంథము ముదిమిలో వ్రాసినదే కావలెను. నలువది ఏండ్లు చూచిన ఆటలన్నియు అందులో దిగినవి.

ఆనాటి నాట్యమునకు ఒక చిక్కు ఏర్పడి యుండెను. భరతుడు చెప్పినది మార్గము; దానికి నియమములు స్థిరములు. ఆయా సీమల జనులు ఆడి ఆనందించునది దేశి. అది ఊరూరికి, తరతరమునకు మారునది. పండితుని చేతిలో ఒక శాస్త్రము, గుడి ముంగిట వేరొక ఆట. దేశిని భ్రష్టమని నిందించి ఊరకుండుట సులభము. భరతుని పాతబడినవానిగా ఎంచి వదలుటయు సులభమే. జాయప ఈ రెండును చేయలేదు. ఎనిమిది అధ్యాయములలో నాలుగు మార్గమునకును, నాలుగు దేశికిని పంచి యిచ్చెను.

పంచుట ఒక్కటే గొప్ప కాదు. మొదటి సగమున అంగముల కదలికలు, నిలుచు తీరులైన స్థానములు, కాలి నడకలైన చారులు, నూట యెనిమిది కరణములు వరుసగా చెప్పెను. రెండవ సగమునను దేశి స్థానములు, దేశి చారులు, ఎగిరి చేయు కరణములు, భ్రమరులు అదే పరిభాషలో సాగినవి. మొదటి సగము తెలిసిన విద్యార్థికి రెండవది పరాయిది కాదు. ఏడవ అధ్యాయమున పేరణి, గౌండలి, రాసకము, చర్చరి, కందుకము, చిందు, కోలాటము మొదలగు వానికి చోటిచ్చెను. పల్లెలో కోలలు తట్టు ఆటకు సంస్కృత గ్రంథమున పీట వేయుట ఆ కాలమున అల్పమైన పని కాదు. చివరి అధ్యాయమున సభ, పాత్ర, వాద్యబృందము మున్నగు వాని సంగతులు కలవు.

ఈ చిక్కు నాట్యమునకే పరిమితము కాదు. అమెరికాలో 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట వెలువడినది. బల్ల చుట్టు కూర్చుండి ఒకరు కథ నడుపగా తక్కినవారు పాత్రలు ధరించి పాచికలు వేయుదురు. దాని నియమగ్రంథము పలుమారులు మారినది. ఒక కూర్పునకు అల్లిన సాహసకథ మరియొక కూర్పున కుంటువడును. అందుచేత నేర్పరియైన రచయిత స్థలమును, పాత్రల కోరికలను, పొంచియున్న అపాయమును ఏ నియమమునకును కట్టుబడకుండ వ్రాసి, బలాబలముల అంకెలను మాత్రము కూర్పు కూర్పునకు వేరుగ ఉంచును. మారునదేది, మారనిదేది అను వివేకము ఓరుగల్లు సేనానికి ఏడు వందల ఏండ్లకు ముందే ఉండెను.

దాని విలువ తరువాత తెలిసినది. 1323లో ఓరుగల్లు పడిపోయెను. ఆ కొలువుతో పాటు పేరణియు మరుగున పడెను. గ్రంథము మాత్రము వ్రాతప్రతిగా నిలిచినది. డాక్టర్ వి. రాఘవన్ పరిష్కరింపగా 1965లో మద్రాసున అచ్చయినది. 1969లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి తెలుగు అనువాదము వెలువడినది. నటరాజ రామకృష్ణగారు ఆ లక్షణములను రామప్ప శిల్పములతో పోల్చి చూచి పేరిణిని తిరిగి కూర్చిరి. 1985 శివరాత్రినాడు రామప్ప గుడిలో దీపముల వెలుగున దానిని ఆడించిరి.

ఇచ్చట రెండు మాటలు చెప్పవలసియున్నది. రామప్ప బొమ్మలను చూచియే జాయప గ్రంథము వ్రాసెనని కొందరు, గ్రంథమును చూచి శిల్పులు చెక్కిరని కొందరు చెప్పుచుందురు. రెండవ మాట పొసగదు. గుడి నలువది ఏండ్లు ముందుది. శిల్పియు సేనానియు ఒకే ఆటను కన్నులార చూచిరనుట సబబు. మరియొకటి: నేటి పేరిణి వీరరస ప్రధానము. మధ్యయుగపు లక్షణగ్రంథములు చెప్పు పేరణియందు గజ్జెల పనితనముతో, పాటతో పాటు నవ్వు పుట్టించు వికటానుకరణమును ఒక అంగమే. ఆ హాస్యమును వదలుట నష్టమని నా తలపు.

గీతరత్నావళి, వాద్యరత్నావళి అను రెండింటిని గూడ జాయప రచించెనని ప్రతీతి. అవి ఇంతవరకు దొరకలేదు.